ఈయూలో (యూరోపియన్ యూనియన్‌లో) చేరాలనుకునే దేశం విదేశాంగ విధానం నిజంగానే మారుతుందా?

మారుతుంది. ఆ దెబ్బ నా జేబుకి తగిలింది కాబట్టి చెబుతున్నా.

2019లో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వెళ్లాను. అప్పట్లో మన పాస్‌పోర్ట్ ఉంటే సెర్బియాలో 30 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు, 2017లో ఇచ్చిన వెసులుబాటు అది. కౌంటర్లో ఆయన రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ చూసి స్టాంపు వేశాడు, అంతే. ఆ సాయంత్రం కలెమెగ్దాన్ కోట గోడ పక్కన కూర్చుని, సావా నది వచ్చి డాన్యూబ్‌లో కలవడం చూస్తూ, ఈసారి అమ్మానాన్నల్ని తీసుకురావాలనుకున్నాను.

2023 ఫిబ్రవరికి టికెట్లు కొన్నాను. అంతకుముందు డిసెంబర్లో వార్త: జనవరి 1 నుంచి భారతీయులకి వీసా తప్పనిసరి. క్యాన్సిలేషన్ చార్జీలు పోగా చేతికొచ్చింది చెప్పుకుంటే సిగ్గుచేటు.

సెర్బియాకి మన మీద కోపమేం లేదు. వాళ్ల నుంచి విడిపోయి స్వతంత్రం ప్రకటించుకున్న కొసావోని మనం దేశంగా గుర్తించలేదు, వాళ్లకి అది చాలా పెద్ద విషయం. కానీ సెర్బియా 2012 నుంచి ఈయూలో చేరడానికి అభ్యర్థి. వీసా లేకుండా అక్కడ దిగినవాళ్లు సరిహద్దు దాటి తమ దేశాల్లోకి వస్తున్నారని, వీసా రూల్స్ మాతో సమానంగా పెట్టమని ఈయూ పట్టుబట్టింది. ట్యునీషియా, బురుండీలకీ 2022లోనే ఆ సౌకర్యం పోయింది.

రష్యా దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ వేరు. 2022 మార్చిలో ఐక్యరాజ్యసమితిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడిని ఖండిస్తూ సెర్బియా వాళ్లు ఓటేశారు గానీ, ఆంక్షలు మాత్రం పెట్టలేదు. గ్యాస్ చాలావరకు అక్కడి నుంచే రావాలి మరి. 2023లో చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కూడా చేసుకున్నారు, రేపు ఈయూలో చేరితే దాన్ని వదులుకోవాల్సిందేనని తెలిసీ! నాకర్థమైనంతలో, అభ్యర్థి దేశం ముందు తనకి పెద్దగా నష్టం లేనివే ఇస్తుంది. మన వీసా ఆ లెక్కలోదే.

పక్కనున్న మాసిడోనియాది ఇంకా జాలి కథ. మాసిడోనియా అనేది మా ప్రాంతం పేరన్న గ్రీసు అభ్యంతరం తీర్చడానికి 2019లో దేశం పేరే ఉత్తర మాసిడోనియాగా మార్చుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించనట్టు, 2020లో భాష, చరిత్ర గొడవలతో బల్గేరియా అడ్డుపడింది. ఈయూలో ఉన్న ఏ ఒక్క దేశం వద్దన్నా పని ఆగిపోతుంది మరి.

అన్నట్టు, షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ఉంటే ఇప్పటికీ సెర్బియాకి వేరే వీసా అక్కర్లేదు. ఈయూలో లేని దేశానికి వెళ్లడానికి ఈయూ స్టాంపు! నాన్నకి దానికే అప్లై చేయిస్తున్నా.