కొరుకుతున్న మూడేళ్ల బాబు: రాయగడ అమ్మకు సమాధానం

అమ్మా, మూడేళ్ల బాబు అంగన్‌వాడీలో తోటి పిల్లల్ని కొరుకుతున్నాడనీ, రెండు దెబ్బలేసినా మానడం లేదనీ రాశారు. టెన్షన్ పడకండి. ఆ వయసులో కోపం కొండంత, మాటలు గుప్పెడు. పైగా మీ ఇంట్లో తెలుగు, అక్కడ ఒడియా. బొమ్మ లాక్కుంటే ‘నాకివ్వు’ అనడం వాడికి రాదు, అందుకే కొరుకుతున్నాడు.

మాది పర్లాకిమిడి. మా చిన్నాడూ ఇంతే. ‘నాకివ్వు’ని ఒడియాలో ‘మోతే దియ’ అనాలని ఇంట్లో ఆటలా నేర్పాను. వాడి చేతిలో చెంచా నేను లాక్కోవడం, ఆ మాట అనగానే ఇచ్చేయడం. ఓ రోజు గుమ్మం దగ్గర నిలబడి చూశాను. లారీ బొమ్మ పట్టుకున్న పిల్లవైపు నోరు తెరిచి వంగినవాడు ఆగి, చెయ్యి చాచి ‘మోతే దియ’ అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

కొరికినప్పుడు కేకలొద్దు. వాడి ఎత్తుకి వంగి ‘కొరకకూడదు, నొప్పి’ అని ఒక్కసారే చెప్పి, ముందు దెబ్బ తగిలిన బిడ్డను ఓదార్చండి. తిరిగి కొరికి చూపించమనేవాళ్లుంటారు, ఆ పని మాత్రం అస్సలు చేయకండి. పెద్దవాళ్లూ కొరకొచ్చు అనే వాడికి అర్థమవుతుంది. ఆకలి, నిద్ర వేళల్లో ఎక్కువవుతోందేమో గమనించండి.

ఏడుపు ఆపడానికి ఫోన్ ఇవ్వొద్దు. ఈ వయసుకి రోజుకో గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు, ఇంట్లో తెలుగు మానకండి. తెలుగులోనూ రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోతుంటే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి.