మీ ప్రశ్న, మా జవాబు: చౌడులో ఇలకూర ఎలా బతుకుతుంది?

ప్రశ్న: మాది సముద్రం పక్క పాలచౌడు, అంటే ఉప్పు పేరుకున్న పొలం. వరి నాటిన కొద్ది రోజులకే ఆకులు కొనల నుంచి ఎండిపోతున్నాయి. అదే గట్టు మీద ఇలకూర దట్టంగా పెరుగుతోంది. ఆ ఉప్పు దాన్నెందుకు చంపదు?
- ఒక రైతు, బాపట్ల జిల్లా

జవాబు: ఉప్పు వల్ల మొక్కకు రెండు దెబ్బలు. మట్టి నీటిలో ఉప్పు పెరిగితే, మడి నిండా నీళ్లున్నా వేరు వాటిని లాక్కోలేదు. ఇది మొదటిది. తర్వాత సోడియం ఆకుల్లో పేరుకుని, పొటాషియం చేయాల్సిన పనికి అడ్డుపడి, కణంలో రసాయన పనులు నడిపే ఎంజైములను పాడుచేస్తుంది. మీ వరిలో ముదురాకులు ముందుగా ఎండుతుంటే అది ఈ రెండో దెబ్బే.

ఇలకూర ఉప్పును బయట ఆపదు, లోపలికి తీసుకుని దాస్తుంది. ఎదిగిన కణంలో చాలా భాగం రిక్తిక అనే నీటి సంచే. సంచి పొరలోని ప్రోటీన్లు శక్తి ఖర్చుపెట్టి సోడియాన్ని అందులోకి తోస్తాయి. అలా తోయకపోతే ఇలకూరా చస్తుంది. ఇలాంటి మొక్కల ఎంజైములను విడదీసి ఉప్పునీటిలో పరీక్షిస్తే, మామూలు మొక్కల ఎంజైముల్లాగే పని మానేస్తాయి. వాటికి ఉప్పు అంటకుండా చూసుకోవడంలోనే ఉంది నేర్పంతా.

అయితే సంచిలో ఉప్పు చేరేకొద్దీ చుట్టూ ఉన్న జీవద్రవ్యంలోని నీటిని అది లాగేయాలి. అలా జరగకుండా మొక్క గ్లైసీన్ బీటైన్ అనే హాని చేయని పదార్థాన్ని తయారుచేసి జీవద్రవ్యంలో నింపుకుంటుంది. ఆకు లావుగా, రసంతో ఉండటమూ ఉపాయమే: నీరెక్కువైతే ఉప్పు పలచబడుతుంది. నమిలి చూడండి, ఉప్పగా ఉంటుంది.

ప్రశ్న: కోరింగ మడ అడవిలో చెట్ల ఆకుల మీద ఉప్పు పలుకులు చూశాను. సముద్రపు గాలికి పడ్డవేనా?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఎక్కువగా ఆకు వదిలినవే. తెల్ల మడ ఉప్పులో 90 శాతానికి పైగా వేరు దగ్గరే ఆపేస్తుంది. తప్పించుకుని పైకి వచ్చినదాన్ని ఆకుల్లోని లవణ గ్రంథులు బయటికి వదిలితే, ఎండకు ఆరి పలుకు కడుతుంది. ఉప్పు పొన్నకు ఆ గ్రంథులు లేవు, వేరు వడపోతే దానికి ఆధారం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లకు ఉప్పుతో పని లేదు. అవి గాలి కోసం.

ప్రశ్న: ఇలకూర పెంచి కోసేస్తే చౌడు విరుగుతుందా? జిప్సం వేయాలా?
- ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: లెక్క వేద్దాం. ఎకరంలో పై అడుగు మట్టి దాదాపు 1,700 టన్నులు. బరువు నేలలో ఈసీ (మట్టి నీటి విద్యుత్ వాహకత, ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 8 ఉంటే అందులో సుమారు 4 టన్నుల ఉప్పు. ఎండు ఇలకూర బరువులో మూడో వంతు ఉప్పే అనుకున్నా, టన్ను కోస్తే పోయేది 330 కిలోలు. ఈలోగా కింద ఉప్పు నీటిమట్టం ఉంటే ఎండకు మళ్లీ పైకి ఎక్కుతుంది. దీని మీద ఆశ పెట్టుకోకండి.

జిప్సం కారుచౌడుకు, అంటే ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటి సోడియం పట్టిన నేలకు. పాలచౌడుకు వేస్తే డబ్బు దండగ. దానికి కావాల్సింది మంచి నీరు, మురుగు కాలువ. అడుగు మట్టిలోంచి అర అడుగు నీరు కిందికి దిగితే సుమారు సగం, అడుగు నీరు దిగితే 80 శాతం ఉప్పు పోతుంది. దిగిన నీటికి దారి లేకపోతే మాత్రం కడిగిన ఉప్పు అక్కడే ఉండి, వేసవిలో తెల్లగా పైకి తేలుతుంది.

వరికి హద్దు ఈసీ 3. ఆపైన పెరిగే ప్రతి 1కీ దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. ఈ అంకె మట్టిని నీటితో ముద్ద చేసి, అందులోంచి తీసిన నీటిది. ల్యాబు రిపోర్టు ఒక వంతు మట్టికి రెండు వంతుల నీరు కలిపి తీసినదైతే అంకె బాగా తక్కువగా కనిపిస్తుంది, నేరుగా పోల్చి మోసపోకండి. వరి లేత నారప్పుడు, పూతప్పుడు ఉప్పుకు బాగా లొంగుతుంది. అందుకే 30-35 రోజుల ముదురు నారు, కుదురుకు 4-5 మొక్కల చొప్పున, దగ్గర దగ్గరగా నాటండి. ముందు పచ్చిరొట్టగా జీలుగ వేసి కలియదున్నితే మేలు, అది చౌడును బాగానే ఓర్చుకుంటుంది.