పెళ్లి కాకముందే కట్నం కేసు పెట్టొచ్చా?

సందేహం: మా చెల్లెలికి సంబంధం కుదిరి, తాంబూలాల రోజున 8 లక్షలు ఇచ్చాం. ఇప్పుడు కారు కూడా కావాలంటున్నారు. చెల్లి ఈ పెళ్లి వద్దంటోంది. పరువు పోతుందని నాన్న టెన్షన్ పడుతున్నారు. ఈమధ్య ‘వరవిక్రయం’ నాటకం చూశాక నాకు భయం పట్టుకుంది. పెళ్లే కానప్పుడు కేసు నిలుస్తుందా? ఇచ్చినందుకు మా మీదా పడుతుందా?
– ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: మీ భయం అర్థమైంది. కాళ్లకూరి నారాయణరావు గారి ఆ నాటకంలో సింగరాజు లింగరాజు తన కొడుక్కి 5,500 రూపాయల ధర కడతాడు. ఆడపిల్లల తండ్రి పురుషోత్తమరావు భూమి అమ్మి ఇస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు, కూతుళ్లంటే ప్రాణం. అయినా బేరం మగవాళ్ల మధ్యే తేలిపోయింది. పెళ్లికూతురు కావాల్సిన పెద్దమ్మాయి కాళింది ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత కూడా లింగరాజు డబ్బు తిరిగివ్వలేదు. అప్పటికి కట్నం అడగడాన్ని నేరమనే చట్టం లేదు.

ఇప్పుడుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్లికి ముందు అడిగినా, పుచ్చుకున్నా నేరమే. పెళ్లి జరగకపోయినా అడిగితే నేరమేనని 1996లో, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది. అడిగినందుకు ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. పుచ్చుకుంటే మామూలుగా ఐదేళ్లకు తగ్గదు.

ఇవ్వడం కూడా నేరమే, దాచను. కానీ బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వాళ్ల మీదే ఈ చట్టం కింద కేసు పెట్టకూడదని 7(3) సెక్షన్ రక్షణ ఇస్తోంది. ఈ భయంతోనే చాలా కుటుంబాలు నోరు మూసుకుంటున్నాయి. మీరు అలా చేయకండి.

డబ్బు సంగతి కాస్త చిక్కు. పెళ్లి జరిగి ఉంటే అది మీ చెల్లెలి సొమ్ము, మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలి. జరగలేదు కాబట్టి విడిగా సివిల్ దావా వేయాలి. చట్టవిరుద్ధంగా ఇచ్చిన సొమ్ము అడగడానికి మీకు హక్కు లేదని అవతలివాళ్లు వాదిస్తారు. ముందే సిద్ధపడండి, మూడేళ్ల గడువు దాటనివ్వకండి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజీలు, మధ్యవర్తి సాక్ష్యం ముఖ్యం. ఆ ఫోను అమ్మకండి, చాట్లు చెరపకండి.

నాటకంలో అక్కకు కుదిరిన ఆ వరుణ్ణే పెళ్లాడిన రెండో కూతురు కమల కోర్టులో తానే నిలబడి, డబ్బిచ్చి కొన్న వరుడు మా ఇంటికే రావాలని వాదిస్తుంది. తల్లిదండ్రులు, బంధువులు ఫిర్యాదు చేయడానికీ చట్టం ఒప్పుకుంటుంది. అయినా మీ చెల్లెలిచేతే రాయించండి. పెళ్లి వద్దన్న ఆమె మాట అందులో మొదటి వాక్యంగా ఉండాలి. మీ నాన్నగారు సాక్షిగా సంతకం పెడితే చాలు.