పాత ఆంప్లిఫైయర్‌కి 60 వేలు ఇస్తామంటున్నారు, కొత్తది తీసుకోనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికి 92 వేలు వస్తాయి. ఐదేళ్లలో మూడు ఆంప్లిఫైయర్లు, నాలుగు జతల స్పీకర్లు మార్చాను. రెండు జతలు అటక మీదే ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 1,40,000. ఈఎంఐలు నెలకు 11,500, ఇంకా ఏడు నెలలున్నాయి. ఇప్పుడున్న 50 వాట్ల ఆంప్లిఫైయర్ ఇచ్చేసి 100 వాట్లది 1,85,000కి నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామని ఉంది. ధర సగమే అని మా ఆవిడకు చెప్పాను. మీరేమంటారు?

జవాబు: ఇప్పుడు వద్దు. ముందు ఆ కార్డు సంగతి చూద్దాం.

మీరు ప్రతి నెలా మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టాల్సిన మొత్తం, 7 వేల దాకా కడుతున్నారనుకుంటాను. వడ్డీ నెలకు 3.5 శాతం చొప్పున 4,900, దాని మీద జీఎస్టీ 882. అంటే 5,782 అక్కడికే పోయింది. అసలులో తగ్గేది పన్నెండు వందల చిల్లర. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు ఉండదు. ఉప్పు, పప్పు ఆ కార్డు మీద కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ.

నో కాస్ట్ అన్న మాటనూ నమ్మకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని షాపులో అడిగి చూడండి. ధర తగ్గిందంటే ఆ తేడాయే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ వేరే.

ఎక్స్‌చేంజ్ లెక్క ఇంకో మాయ. 60 వేలు వస్తున్నాయని మీరు చూస్తున్నారు. ఆ ఆంప్లిఫైయర్‌ని రెండేళ్ల కిందట 1,10,000కి కొని ఉంటే, నెలకు రెండు వేల పైచిలుకు అద్దె కట్టి వాడుకున్నట్టే. పోనీ, కొత్తదాంతో వచ్చేదేమిటి? వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కొద్దిపాటి తేడానే. షాపులో తేడా తెలుస్తుంది, నిజమే. కానీ కాస్త గట్టిగా పెడితే ఏదైనా బాగున్నట్టే వినిపిస్తుంది. నేనూ ఒకప్పుడు వేళ్లంత లావు కేబుళ్లు కొన్నాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. మీ హాల్లో నేలంతా టైల్సే అయితే శబ్దం ప్రతిధ్వనిస్తుంది, ముందు మందపాటి తివాచీ పరిచి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేసి వినండి.

ఇక అటక మీదవి అమ్మేయండి. రెండు జతలకూ కలిపి 45 వేలు వచ్చినా బాకీ 95 వేలకు దిగుతుంది. దాన్ని 15 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్‌గా మార్చుకుంటే కిస్తీ 4,600. ఇప్పుడు కట్టే 7 వేల కన్నా తక్కువ, పైగా తీరే అప్పు. ఏడు నెలల తర్వాత మిగిలే 11,500లో 8,500 అత్యవసర నిధికి, 3 వేలు పాటలకంటూ విడిగా ఒక ఆర్‌డీకి (నెలనెలా కొంత దాచుకునే బ్యాంకు డిపాజిట్). సరదా మానమని అనను. ఆ ఆర్‌డీలో ఎంతుంటే అంతలోనే కొనండి.

మీ ఆవిడకు అసలు ధర ఇవాళే చెప్పేయండి. అమ్మేటప్పుడు పాత బిల్లులు బయటికి తీయక తప్పదు, అట్టపెట్టెలు, బిల్లులు ఉంటేనే నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుంది.