మామిడి కట్టెలు ఎన్నాళ్లు ఎండాలి?

డిసెంబరులో కొట్టించిన మామిడి చెట్టు ఎన్ని నెలలకు పొయ్యిలోకి పనికొస్తుందని అడిగారు. కొట్టించిన వెంటనే చీల్చి ఎండ తగిలేలా పేరిస్తే ఏప్రిల్ చివరికి వచ్చేస్తుంది. దుంగలుగానే వదిలేస్తే ఏడాది తరవాత కూడా లోపల పచ్చి ఉండవచ్చు.

అరిసెల పాకం పాడు చేసుకున్నాక తెలిసిన సంగతి ఇది. ప్రకాశం జిల్లాలో మా ఇంటి వెనక మామిడి చెట్టు ఒక కార్తీకంలో తుఫాను గాలికి కూలింది. దుంగలు కోయించి గోడవారగా పెట్టించాను. సంక్రాంతికి రెండు నెలలు ఉంది కదా, ఈలోగా ఎండకపోతాయా అనుకున్నాను. తీరా పొయ్యి రాజేస్తే కట్టె కొసల నుంచి సుయ్‌మంటూ నురగ! ఊదురుగొట్టంతో ఊదీ ఊదీ మా అత్తగారి కళ్లు చింతనిప్పులయ్యాయి. మంట లేస్తూ, ఆరుతూ ఉంటే పాకం ఎక్కడ నిలుస్తుంది? ఆ ఏడు అరిసెలు పళ్లు గట్టివాళ్లకే దక్కాయి. "రెండు నెలలేనమ్మాయ్, కానీ మంచు కురిసే నెలలు" అన్నారావిడ.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. ముందు ఆ నీరు ఆవిరి కావాలి, ఆ తరవాతే గిన్నెకు వేడి. నీరు ఎక్కువగా కోసిన కొసల నుంచి పోతుంది, బెరడు దాన్ని పోనివ్వదు. అందుకే మూరెడు పొడవున కోయించి, మణికట్టు లావున పేళ్లు చేయించండి. పచ్చిమీద గొడ్డలికి తేలిగ్గా చీలుతుంది కూడా.

మిగిలిన దుంగలను మాఘంలో చీల్పించి, ఒక పేడును వంటింటి కాటా మీద తూచి చూశాను. మొదట రెండు కిలోల నాలుగు వందలు ఉంది. వారం వారం తగ్గుతూ వచ్చి, వైశాఖానికి కిలోన్నర దగ్గర ఆగింది. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టే. కాటా లేకపోతే రెండు పేళ్లను ఒకదానితో ఒకటి కొట్టండి: ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. (అడితిలో తూకానికి కొనేటప్పుడూ ఇలాగే కొట్టి చూడండి, లేకపోతే కట్టె ధరకు నీళ్లు కొన్నట్టే.)

తుమ్మ, సరుగుడు గట్టి కట్టెలు కాబట్టి లావు పేళ్లకు ఇంకొంత కాలం ఇవ్వాలి. కంపపుల్లలైతే నెల ఎండ చాలు.

నేల మీద మాత్రం పెట్టవద్దు, చెదలు పడతాయి. కింద ఇటుకలు పరిచి, గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేర్చండి. వానలకు పైన మాత్రమే రేకు కప్పండి. పట్టాతో చుట్టూ మూసేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. మేం అదీ చేశాం.