హెర్నియా ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఆస్పత్రిలో చేరకుండా ఉండాలంటే?

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు, వ్యవసాయం చేస్తారు. చాలాకాలంగా షుగర్ ఉంది. కుడి గజ్జలో హెర్నియాకు మూడు రోజుల క్రితం మెష్ (లోపల అమర్చే సన్నని వల) వేసి ఆపరేషన్ చేశారు. నిన్న ఇంటికి తీసుకొచ్చాం. మా బాబాయికి ఇదే ఆపరేషన్ అయ్యాక వారంలోపే మళ్లీ అడ్మిట్ చేయాల్సి వచ్చింది. అందుకే టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? - ఓ పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఈ ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామందికి మెష్ వల్ల ఇబ్బంది రాదు. మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, తగ్గని నొప్పి, గాయం దగ్గర వాపు లేదా చీము... ఎక్కువగా ఇవే కారణాలు. ఇంట్లోవాళ్లు గమనిస్తే వీటిని మొదట్లోనే పట్టుకోవచ్చు.

ముందు మూత్రం సంగతి చూడండి. ఈ వయసు మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి వాపు మామూలే. దానికి తోడు మత్తుమందు ప్రభావం, మలబద్ధకం, జలుబు మాత్రలు కలిస్తే మూత్రం బిగుసుకుపోవచ్చు. చుక్కలు చుక్కలుగా వస్తుంటే ‘వస్తోంది కదా’ అని ఊరుకోవద్దు. ఆరేడు గంటలుగా సరిగా రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉన్నా వెంటనే తీసుకెళ్లండి. తాత్కాలికంగా గొట్టం వేస్తే ఉపశమనం కలుగుతుంది.

తిండి విషయంలో మన ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతోంది. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ పడదని, పథ్యం పేరుతో రోజుల తరబడి చారన్నం, కారప్పొడి అన్నమే పెడతారు. పప్పుకూ చీముకూ ఏ సంబంధమూ లేదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు అన్నీ పెట్టండి. ఆకుకూరలు, కూరగాయలు, నీళ్లు లేకపోతే విరేచనం గట్టిపడుతుంది. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. నొప్పికి ట్రమడాల్ ఇచ్చి ఉంటే మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది. రెండు రోజులు మోషన్ కాకపోతే మీ డాక్టర్‌ని అడిగి ఇసబ్‌గోల్ గానీ, లాక్టులోజ్ సిరప్ గానీ వాడండి.

నొప్పి మాత్రలను మొదటి కొద్ది రోజులు రాసిన వేళకే వేయండి. నొప్పిని ఓర్చుకుంటూ మంచానికే పరిమితమైతే కొత్త సమస్యలు వస్తాయి. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి మాత్రం తేవద్దు, షుగర్ ఉన్నవారి కిడ్నీలకు అవి చేటు చేయవచ్చు. షుగర్ మాత్రలు సొంతంగా ఆపవద్దు. గ్లూకోమీటర్‌లో తరచూ 200 దాటుతుంటే ఫోన్ చేసి చెప్పండి, షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది. గాయం మీద పసుపు, పౌడర్, నూనె ఏవీ రాయకండి.

గజ్జలో మెత్తటి వాపు కనిపించినా, వృషణాల తిత్తి నల్లగా కమిలినా హెర్నియా మళ్లీ వచ్చిందని హడలిపోవద్దు. లోపల చేరిన నీరు, రక్తం వల్ల అలా అవుతుంది. చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. సూదితో నీరు తీయించకండి, మెష్ వరకూ ఇన్ఫెక్షన్ చేరే ప్రమాదం ఉంది. అయితే వాపు గంటల్లోనే పెరుగుతున్నా, గాయం ఎర్రబడి చీము కారుతున్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, వాంతులతో కడుపు ఉబ్బినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇప్పటినుంచే రోజూ ఇంట్లో నడిపించండి. పొలం పని మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు వద్దు. 16 లీటర్ల స్ప్రేయర్ నింపి వీపున వేసుకుంటే 20 కిలోల దాకా బరువు పడుతుంది. బీడీ అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. దగ్గు కుట్లను లాగుతుంది, పొగ గాయాన్ని మాననివ్వదు.

అనుమానం వస్తే ఊళ్లో ఇంజెక్షన్ వేయించి రెండు రోజులు చూద్దామనుకోవద్దు. ఆ రెండు రోజుల ఆలస్యమే చాలామందిని మళ్లీ అడ్మిషన్ దాకా తెస్తోంది. డిశ్చార్జి కాగితం మీదున్న నంబర్‌కు ఫోన్ చేయండి. ఆపరేషన్ అయి ఎన్ని రోజులైంది, జ్వరం ఎంత, మూత్రం, మోషన్ చివరిసారి ఎప్పుడయ్యాయి అన్నవి చెప్పి, గాయం ఫొటో పంపితే, ఇంట్లో సరిపోతుందా, రావాలా అన్నది డాక్టర్ అప్పుడే తేల్చగలరు.