డబ్బు బ్లాక్డ్ అకౌంట్లో.. అమ్మాయి ఎయిర్‌పోర్టులో

ప్రశ్న: మాది సూర్యాపేట. ఎరువుల దుకాణం నడుపుతాను. మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ చదవడానికి సెప్టెంబరు చివర్లో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లింది. శంషాబాద్‌లో విమానం రెండున్నర గంటలు ఆలస్యంగా బయల్దేరడంతో గల్ఫ్‌లో మారాల్సిన విమానం తప్పిపోయింది. తర్వాతి దాంట్లో ఎక్కించారు. మధ్యాహ్నం ఒంటి గంటకు దిగాల్సిన పిల్ల శుక్రవారం రాత్రి తొమ్మిదికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది. పెట్టె రాలేదు. ముందే కొన్న రైలు టికెట్టు పోయింది. డెబిట్ కార్డు పనిచేయలేదు, చేతిలో 150 యూరోలే ఉన్నాయి. ఆ రాత్రి హోటల్‌కు 110, మర్నాడు రైలుకు 96, డ్రెస్డెన్‌లో హాస్టల్ తాళం సోమవారం దాకా ఇవ్వకపోవడంతో రెండు రాత్రుల గదికి 130, బట్టలు, సామాన్లకు 160 యూరోలు అయ్యాయి. అక్కడున్న సీనియర్ ఒకరు డబ్బు సర్దితే, కోదాడలో వాళ్ల నాన్నగారికి మేం రూపాయల్లో ఇచ్చేశాం. నేను ఎఫ్‌డీ తీసి సోమవారం పంపిన లక్ష బుధవారం గానీ అందలేదు. పెట్టె మంగళవారం వచ్చింది, ఒక చక్రం విరిగి ఉంది. ఇందులో ఏమైనా తిరిగి వస్తుందా? మార్చిలో మా తమ్ముడి కూతురు కూడా అక్కడికే వెళ్తోంది. ఎంత డబ్బు చేతికిచ్చి పంపాలి?

జవాబు: మీ ఉత్తరం చేరేసరికి పెట్టె అందిన రోజు నుంచి 12 రోజులు గడిచాయి. అందుకే ఇది అచ్చయ్యే దాకా ఆగకుండా ఫోన్ చేసి, ముందు ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించమన్నాను. పెట్టె ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లోపు, దెబ్బతింటే 7 రోజుల్లోపు లిఖితపూర్వకంగా అడగాలి. ఇది విమాన ప్రయాణాలపై దేశాల మధ్య కుదిరిన మాంట్రియల్ కన్వెన్షన్ అనే ఒప్పందంలోని నియమం. మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉంది. ఈ లెక్కన విరిగిన చక్రం సంగతి వదిలేయండి, గడువు దాటింది. ఆలస్యం తాలూకు క్లెయిమ్‌కు మాత్రం ఢోకా లేదు.

మీ అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్యాగేజీ కౌంటర్‌కు వెళ్లి పీఐఆర్ (సామాను రాలేదన్న రిపోర్టు) రాయించి, నంబరు తీసుకుని మరీ బయటికొచ్చింది. అంత అలసటలోనూ ఆ పని చేసినందుకు మెచ్చుకోవాలి. చాలామంది పిల్లలు 'రేపు మెయిల్ పెడదాంలే' అని వచ్చేస్తారు. అయితే పీఐఆర్ అంటే పెట్టె రాలేదని నమోదు చేయించడమే, డబ్బు అడిగినట్టు కాదు. డబ్బు కోసం విడిగా రాయాలి. పీఐఆర్ నంబరు, బోర్డింగ్ పాస్, బ్యాగేజీ ట్యాగు, బిల్లులు జతచేయాలి. సామాన్ల విషయంలో ఎయిర్‌లైన్ బాధ్యతకు పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్, ఈ మొత్తం సుమారు 2,000 డాలర్లు. అది గరిష్ఠం మాత్రమే, మీ చేతికొచ్చేది బిల్లు చూపించగలిగినంతే. స్వెటరు, చెప్పులు, టూత్‌బ్రష్, రెండు జతల బట్టలు అంటే ఎవరూ కాదనరు.

ప్రయాణం ఆలస్యం వల్ల పెట్టిన ఖర్చు కూడా ఇదే ఒప్పందం కింద అడగొచ్చు. ఆలస్యాన్ని తప్పించడానికి చేయగలిగిందంతా చేశామని ఎయిర్‌లైన్ రుజువు చేసుకుంటే తప్ప ఇవ్వాల్సిందే. ఫ్రాంక్‌ఫర్ట్ హోటల్ 110, రైలు 96, సామాన్లు 160, మొత్తం 366 యూరోలు అడగండి. పోయిన పాత రైలు టికెట్టును మళ్లీ ఇందులో కలపకండి, ఎలాగూ ఒక టికెట్టు కొనాల్సిందే కదా. వాళ్లు కుదరదంటే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. దావాకు రెండేళ్ల గడువు ఉంటుంది.

డ్రెస్డెన్ గది అద్దె 130 యూరోలు మాత్రం వాళ్ల మెడకు చుట్టలేం. విమానం టైముకే దిగినా, అక్కడి నుంచి రైల్లో డ్రెస్డెన్‌కు దాదాపు అయిదు గంటలు. చేరేసరికి శుక్రవారం సాయంత్రం దాటుతుంది. జర్మనీ విద్యార్థి హాస్టళ్లలో తాళాలిచ్చే హౌస్‌మైస్టర్ ఆఫీసు పనివేళల్లోనే ఉంటాడు, శనివారం, ఆదివారం కనిపించడు. అంటే అంతా సవ్యంగా జరిగినా ఆ రెండు రాత్రులు గది తీసుకోక తప్పేది కాదు. గురువారం రాత్రి బయల్దేరే టికెట్టు చవగ్గా దొరికిందని రాశారు కానీ, ఆ మిగులు ఇక్కడ ఖర్చయిపోయింది. మీ తమ్ముడి కూతురికి సోమవారమో మంగళవారమో దిగేలా టికెట్టు తీయండి, నాలుగైదు వేలు ఎక్కువైనా సరే. విమానం కంపెనీ రైలుతో కలిపి ఇచ్చే 'రైల్ అండ్ ఫ్లై' లాంటి టికెట్టు ఉందేమో కూడా అడగండి. అందులో ఫలానా రైలే ఎక్కాలన్న నిబంధన ఉండదు. మీ అమ్మాయి కొన్నలాంటి చవక టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది.

వీసా కోసం నెలకు 992 యూరోల చొప్పున ఆరు నెలలకు 5,952 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వేశారు. అంత డబ్బు ఉందన్న ధీమాతో చేతికి 150 ఇచ్చి పంపారు. ఆ అకౌంట్ తెరుచుకునేది అక్కడికి వెళ్లి, పత్రాలు చూపించి యాక్టివేట్ చేశాకే. అప్పుడైనా ఏ నెల వాటా ఆ నెలకే వస్తుంది. దిగిన రాత్రికి అది లేనట్టే లెక్క. మీ ఎఫ్‌డీదీ అదే కథ. శనివారం రాత్రి ఫోన్లోనే రద్దు చేయగలిగారు, కానీ విదేశానికి పంపాలంటే బ్యాంకు పనిదినం కావాలి, ఏ2 ఫారం కావాలి, ఆపైన ఒకటి రెండు రోజులు దారిలో పడుతుంది.

కాబట్టి ఈసారి 800 యూరోలు దారి ఖర్చుగా వేరే పెట్టండి. 200 నోట్లుగా ఇవ్వండి, అవీ ఇరవైలు, పదులు. మిగతా 600 ఫారెక్స్ కార్డులో వేయండి. మూడోది బ్యాంకు డెబిట్ కార్డు. 2020 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే సిద్ధమై వస్తాయి, విదేశీ లావాదేవీలను మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. మీ అమ్మాయి కార్డు మొరాయించడానికి బహుశా ఇదే కారణం. ఓటీపీ వచ్చే సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ కూడా ఇక్కడే ఆన్ చేయించి పంపండి. అక్కడ మెషీన్ 'రూపాయల్లో చెల్లిస్తారా' అని అడిగితే వద్దని యూరోలే నొక్కమనండి, రూపాయల రేటు మనకు నష్టం.

కోదాడ వ్యవహారం గురించి ఒక మాట. ఆపదలో ఆదుకున్న ఆ సీనియర్‌ను ఎవరూ తప్పుపట్టరు. కానీ అక్కడ యూరోలు తీసుకుని ఇక్కడ వాళ్లవాళ్లకు రూపాయలివ్వడం ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనలకు విరుద్ధం. మనవాళ్లలో ఇది మామూలైపోయింది, పైగా రేటు బాగుంటుందని మురిసిపోతారు. ఈసారి అలాంటి అవసరం పడితే అప్పు అక్కడే తీసుకుని, మీరు బ్యాంకు ద్వారా పంపిన డబ్బుతో అమ్మాయే అక్కడే తీర్చాలి. అలాగే తమ్ముడి కూతురి డబ్బు మీ పాన్ మీద పంపకండి. మీ అమ్మాయి కోసం పంపింది ఇప్పటికే ఏడు లక్షలు దాటింది. ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షలు దాటితే పైమొత్తానికి టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది కానీ, అందాకా డబ్బు ఇరుక్కుంటుంది. మీ తమ్ముడు తన ఖాతా నుంచే పంపుకోవాలి.

ఇన్సూరెన్సుకు 14 వేలు కట్టామని రాశారు. పాలసీ షెడ్యూలులో పెట్టె ఆలస్యం, కనెక్షన్ మిస్ కావడం అనే పద్దులు ఉన్నాయేమో చూడండి. పెట్టెకు చాలా పాలసీల్లో 12 గంటలు దాటాక కవర్ మొదలవుతుంది, మీది నాలుగు రోజులు. ఎన్ని గంటలు ఆలస్యమైందో ఎయిర్‌లైన్ నుంచి ఉత్తరం తెప్పించుకుంటే అది రెండు చోట్లా పనికొస్తుంది. ఒకే బిల్లును మాత్రం రెండు చోట్లా వసూలు చేయకూడదు.

తిరుగు ప్రయాణానికి వేరే చట్టం. యూరప్ నుంచి బయల్దేరే విమానం ఏ దేశపు కంపెనీదైనా, మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉంటే, హైదరాబాద్‌కు నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే ఈయూ 261 నిబంధన కింద 600 యూరోలు అడగొచ్చు. వాతావరణం లాంటి కారణాలైతే ఇవ్వరు. వెళ్లేటప్పుడు అది మీకు వర్తించలేదు, యూరప్ కంపెనీ విమానమైతేనే ఇటు నుంచి వర్తిస్తుంది. ఫిబ్రవరిలో మీ అమ్మాయి వచ్చేటప్పుడు బోర్డింగ్ పాసులు పారేయవద్దని ఇప్పుడే చెప్పండి. మార్చిలో వెళ్లే పిల్లకు ఆవకాయ సీసా పెట్టెలో, స్వెటరు, ఒక జత బట్టలు, సర్టిఫికెట్లు చేతి సంచిలో సర్దండి. డ్రెస్డెన్‌లో మార్చి అంటే ఇంకా చలే.